ఒడి నింపి పంపిన గిటారు

మా ఇంటి దుప్పట్లు మూడు భూపాలపల్లిలో ఉన్నాయి. భూపాలపల్లి వాళ్ల బొంతలు రెండు మా దండెం మీద ఉన్నాయి. వాళ్లు మాకు చుట్టాలు కారు. చాలాకాలం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నది కూడా లేదు. మరి దుప్పట్లెలా మారాయని ఎవరైనా అడిగితే నేను మా ఆయన వైపు వేలు చూపిస్తాను. పేరు జైసింగ్. గిటార్లను పోస్టులో పంపి, పోస్టులో తెప్పించుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూడడమే కాదు, కట్టుకున్నాను.

మాది బయ్యారం దగ్గర ఒక తండా. నేను అక్కడే అంగన్‌వాడీ టీచర్ని. పిల్లల ముక్కులు తుడిచి, పాటలు చెప్పి, గుడ్లు ఉడకబెట్టి పెట్టి ఇంటికొచ్చేసరికి నా గొంతు బొంగురుపోయి ఉంటుంది. అందుకే ఇంట్లో తక్కువ మాట్లాడతానని నేనంటాను. మా ఆయన ఒప్పుకోడు. మా అత్త రుక్కి అసలే ఒప్పుకోదు. ఇంట్లో మేం ముగ్గురం మాట్లాడేది మా లంబాడీ భాష. ఇక్కడ మీ కోసం తెలుగులోకి మార్చి రాస్తున్నాను. మా అత్త మాటల్లోని కారం మాత్రం సగం పోతుంది, ఏం చేయలేను.

జైసింగ్ పెళ్లికి ముందు పుణెకు కూలికి పోయాడు. సెంట్రింగ్ పని. అక్కడ ఒక హోటల్ వెనక పారేసిన సామాన్లలో పొట్ట పగిలిన పెద్ద నల్ల గిటారు కనిపించింది. పొయ్యిలోకి పనికొస్తుందని తోటివాళ్లు అన్నారట. ఇతను దాన్ని గుడిసెకు తెచ్చి, జిగురు పెట్టి, తాళ్లతో బిగించి, మీద ఇటుకలు పేర్చి అతికించాడు. పని దిగాక ఆ హోటల్లో వాయించే మనిషి వేళ్లను గుమ్మం బయట కూర్చుని చూసి నేర్చుకున్నాడు. ఆ నల్లదానికి కాళి అని పేరు పెట్టుకున్నాడు. కొత్త కోడలిగా నేను అడుగుపెట్టేసరికి ఇంట్లో ఉన్న ఒక్క మంచం మీద అది పడుకుని ఉంది. తండాలో ఆడవాళ్లు దాన్ని నా సవతి అన్నారు. ఇప్పటికీ అంటారు.

ఇప్పుడు అతని పని కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టడం. కొంచెం మిరపచేను ఉంది. చేనులో పురుగు పడిందంటే రేపు చూద్దామంటాడు గానీ, గిటారు మెడ వెంట్రుకవాసి వంగిందంటే అన్నం మానేసి కూర్చుంటాడు. మానుకోటలో ఒకటి, జనగామ బ్యాండు మేళం వాళ్ల దగ్గర ఒకటి, ఇట్లా విరిగినవి ఎక్కడున్నా తెచ్చి బాగు చేస్తాడు. వాటికి పేర్లు కూడా అవే. మానుకోటది, జనగామది. కాళికి మాత్రమే అసలు పేరు. తీజ్ పండుగకు మా ఆడపిల్లలు మొలకల బుట్టల చుట్టూ ఆడుతుంటే ఇతను పక్కన కూర్చుని దాన్ని వాయిస్తాడు. మొదట్లో అందరూ నవ్వారు. ఇప్పుడు అతను రాకపోతే పిలవడానికి మనిషిని పంపుతారు.

పాత గిటార్లు అమ్ముకునే వాళ్లు, కొనుక్కునే వాళ్లు ఉన్న ఒక ఫోన్ గ్రూపులో అతనికి పరశురాములన్న పరిచయమయ్యాడు. భూపాలపల్లి మనిషి. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు కాలనీలో ఏ పెళ్లయినా ఆయన గిటారు మోగాల్సిందేనట. తర్వాత ఒక ఏడాది పెద్ద జ్వరం వచ్చి మెదడుకెక్కింది. దవాఖానలో ప్రాణం దక్కింది, చెవులు దక్కలేదు. రెండూ పూర్తిగా పోయాయి. మిషన్ పెట్టినా లాభం లేదని డాక్టర్లు చెప్పేశారు.

"చెవులు లేని మనిషికి గిటారెందుకు?" అని నేను అడిగాను. మీరూ అదే అడుగుతారు.

"ఎముకలున్నయి గదా," అన్నాడు మా ఆయన.

పరశురాములన్న గిటారును రొమ్ముకు ఆనించుకుని, గడ్డాన్ని దాని అంచు మీద పెట్టి వాయిస్తాడట. ఆ చెక్క అదిరితే ఆ అదురు దవడలోకి, రొమ్ములోకి పాకుతుంది. ఆయన దాన్ని 'అందడం' అంటాడు. తన గిటారు అదురు తెలుస్తుంది గానీ పాట అందడం లేదట. ఒక్కో గిటారు చెక్క ఒక్కో తీరు కదా, ఎక్కడో ఒకటి తనకు అందేది ఉంటుందని ఆయన నమ్మకం. ఫోన్లో మాట్లాడలేడు కాబట్టి అన్నీ రాసి పంపుతాడు. మొట్టమొదట రాసిన మాటలు మా ఆయన నాకు చదివి వినిపించాడు. "తమ్మీ, ఒక్కసారి ఒక్క పాట నిండుగ అందితే సాలు. నీ దగ్గరున్నది తోలు, నా దగ్గరున్నది తోలుత. పైసల ముచ్చట వద్దు."

అట్లా ఒకరికొకరు తోలుకోవడం, అంటే పంపుకోవడం మొదలైంది.

భూపాలపల్లి మరీ దూరమేం కాదు, మోసుకుపోయి ఇవ్వొచ్చు. కానీ బస్సు రద్దీలో గిటారు మెడ విరుగుతుందని ఇతని భయం. అంతకంటే పెద్ద సంగతి, పరశురాములన్న ఎవరినీ ఇంటికి రానివ్వడు. 'ఇంటికొచ్చి ఏం జేస్తవ్ తమ్మీ? నువ్వు నోరు తెరుస్తవ్, నేను నీ నోట్లెకు చూసుకుంట కూసుంట. ఇద్దరికీ పరేషానే' అని రాశాడు. అందుకని పోస్టు.

ఇక ఆ కట్టడం ఒక యజ్ఞం. ముందు తీగలు వదులు చేయాలి. తర్వాత దుప్పటి చుట్టాలి. దుప్పటంటే నాది. దాని మీద ఫ్రిజ్ అట్టపెట్టె కోసి తొడగాలి. దాని మీద మిరప బస్తా వేసి దబ్బనంతో కుట్టాలి. కుట్టేది నేనే. బయ్యారం పోస్టాఫీసు కౌంటర్లో వెంకట్రాం సారు దాన్ని తూకం మీద పెట్టేలోపే తుమ్మడం మొదలుపెట్టేవాడు.

"ఏందమ్మా గిది? గిటారా, మిరపకాయలా?" అని అడిగాడు ఒకసారి, కళ్లు తుడుచుకుంటూ.

"లోపల గిటారు సార్, బయట మిరపకాయలు," అన్నాను.

"గీ జైసింగ్‌కు వేరే బస్తా దొరకదా?"

"దొరికితే నాకు దుప్పటి మిగులుతది సార్."

పాపం, తుమ్ముతూనే జాగ్రత్తగా పక్కన పెట్టించేవాడు. పోయిన వాటిలో ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు.

పార్శిలు చేరాక జవాబు వచ్చేది. ఒకటే మాట. అందలే. మానుకోటది పోయింది, అందలే. జనగామది పోయింది, అందలే. అటు నుంచి వచ్చిన దానికి మా ఆయన లావు తీగలు వేసి, లోపలి పట్టీలు పలచగా చెక్కి మళ్లీ పంపాడు. జర మెరుగు తమ్మీ, కానీ అందలే. నాకు ఒళ్లు మండేది. ఈ మనిషి మా ఆయన అమాయకత్వం చూసి ఆడుకుంటున్నాడేమో అనుకున్నాను, పైకే అన్నాను. మా ఆయన కోప్పడలేదు. మర్నాడు చెవుల్లో పత్తి కుక్కుకుని, పైన తువ్వాల బిగించి కట్టుకుని, గడ్డం గిటారు మీద పెట్టుకుని కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే పలకడు. రెండోసారి పిలిచాను, మూడోసారి గరిటె విసిరాను.

గరిటె మోకాలికి తగిలాక తలెత్తాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "ఏం తెలుస్తలేదు రాజీ," అన్నాడు. "గుర్రుమని ఒకటే అదురు. ఏ తీగ కొట్టినా అదే. గా మనిషి ఇన్ని దినాలు గిందులకెళ్లి పాట కోసం దేవులాడుతున్నడా?"

అప్పటి నుంచి దుప్పటి అడిగితే తీసిచ్చాను. సణుగుతూనే ఇచ్చాను, అది వేరే.

పోయిన ఎండాకాలం, మిరపకాయలు కల్లంలో ఎండుతున్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఆ మెసేజీ వచ్చింది. మా ఆయన ముందర విప్పిన మోటారు ఉంది, చేతిలో రాగి తీగ ఉంది. చదివి తీగను కింద పెట్టేశాడు. నేను ఫోన్ లాక్కుని చూశాను.

'తమ్మీ, ఎన్ని మార్చినా గిదే కథ. లారీ పోయినట్టు అదురు దప్ప పాట అందుతలేదు. నీకు తిప్పలు, చెల్లెకు తిప్పలు. ఇగ పంపకు. నా దగ్గరున్నయి గూడ నీకే తోలుత. నేను బంద్ జేస్తున్న.'

నిజానికి నాకు హాయిగా అనిపించాలి. దుప్పట్లు మిగిలాయి, దబ్బనం పోటు తప్పింది. కానీ అనిపించలేదు. ఆ 'బంద్' అన్న మాట గిటార్ల గురించే రాసింది కాదనిపించింది. వయసు మీద పడ్డ మనిషి, పలకరింపు లేని మనిషి, చేతిలో ఉన్న ఆ ఒక్కటీ దించేస్తే ఇంకేం మిగులుతుంది?

మా ఆయన చాలాసేపు గోడకు వేలాడుతున్న కాళిని చూశాడు. దాని పొట్ట మిగతా అన్నింటికంటే పెద్దది. అతికిన చోట పగులు గీత ఇప్పటికీ కనిపిస్తుంది.

"దాన్ని పంపుత," అన్నాడు.

"ఏందీ?" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "కాళినా?"

"దాని అదురు వేరే. ముట్టుకుంటే నాకే తెలుస్తది. నాకిన్ని దినాలు మనసొప్పలే, గంతే."

"అట్ల ఎట్ల పంపుతవయ్యా?"

"నీ సవతి పోతుంటే నీకేం బాధ?"

"సవతైనా ఇన్నేండ్లు ఒక్కింట్ల ఉన్నం. అది వాపస్ రాకపోతే ఏం జేస్తవ్?"

"రాకపోతేనే మంచిది," అన్నాడు. "వచ్చిందంటే అందలేదన్నట్టే గదా."

 ఈ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశాను. తిట్టాను, గరిటె విసిరాను. ఇతనిలో ఇంత ఉందని నాకు తెలియదు.

మర్నాడు నేను అంగన్‌వాడీకి పోయాక అతనే కట్టాడు. నేను కుట్టలేదు, నా వల్ల కాదన్నాను. తీగలు వదులు చేసి కాళిని మంచం మీద పడుకోబెట్టి, అట్టపెట్టె కోసం బయటికి పోయాడట. తిరిగొచ్చి దుప్పటి చుట్టి, బస్తా కుట్టి, పోస్టాఫీసుకు మోసుకుపోయాడు. సాయంత్రం నేనొచ్చేసరికి గోడ మీద మేకు ఒక్కటే ఉంది. అతను దాని కింద కూర్చుని ఉన్నాడు. ఏడ్చాడని ముఖం చూస్తేనే తెలిసింది.  చాయ పెట్టి పక్కన పెట్టాను.

పార్శిలు చేరిన రోజు పొద్దున్నుంచి ఫోన్ చేతిలోనే పట్టుకున్నాడు. మోగగానే ఇద్దరం తలలు ఆనించి చూశాం.

'తమ్మీ, లోపట ఏమున్నది?'

'ఏం లేదన్నా. ఎందుకు?'

'ఎత్తితే చేతికి ఏదో గలగల ఆడినట్టు తెలుస్తున్నది.'

మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. గిటారు పొట్ట లోపల చెక్క పట్టీలుంటాయి, అవే దాన్ని నిలబెడతాయి. "అయిపాయె రాజీ. లోపట పట్టీ ఊడింది. ముక్కలైనట్టుంది. నేను అతికించిన కాడనే పోయింది," అని నేల మీద కూలబడ్డాడు.  దాన్ని అంత దూరం పంపింది ముక్కలు చేయడానికా అని నాకనిపించింది.

మా అత్త రుక్కి అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అంది, "ఏం ఊడలే. బియ్యం."

"బియ్యమేంది యాడీ?" అన్నాడు మా ఆయన. యాడి అంటే మా భాషలో అమ్మ.

"ఒడిబియ్యం. నువ్వు అట్టపెట్టెకు పోయినప్పుడు పోసిన. దాని పొట్టకు గంత పెద్ద బొక్క ఉండె, చెయ్యి మంచిగ పట్టింది. ఏడ్చుకుంట కడితివి, నీకు చప్పుడేం ఇనపడ్తది?"

కింద ఊళ్లలో పెళ్లయిన కూతురు పుట్టింటి నుంచి అత్తగారింటికి పోయేటప్పుడు, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోసి పంపుతారు. ఉత్త ఒడితో పంపరు. మా తండాలో మొదట ఈ పద్ధతి లేదు. ఊరి వాళ్లను చూసి మా అత్త ఈడు ఆడవాళ్లు మొదలుపెట్టారు, ఇప్పుడు వాళ్లకంటే గట్టిగా పట్టుకున్నారు.

"యాడీ, అది ఆడపిల్ల కాదు! గిటారు!" మా ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"గిటారైతే మరి నువ్వెందుకు ఏడ్చినవ్?" అంది మా అత్త. "ఇన్నేండ్లు ఇంట్ల ఉన్నది. పోతుంటే ఉత్త ఒడితోని పంపుతరా ఎవరన్న? సాగనంపే పాట గూడ పాడిన. నీ పెండ్లాం బడికి పాయె, నువ్వు అట్టపెట్టెకు పోతివి. దాన్ని సాగనంపేటోళ్లు ఎవరున్నరు, నేను గాక?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా ఆయనకు మాత్రం రెండూ రాలేదు. గిటారు లోపల చిన్న పుల్ల గలగలమంటేనే ఆ వాయిద్యం పాడైనట్టు లెక్క. బియ్యం పోస్తే ఇంకేముంది? వాన పడితే చెమ్మ పట్టి పురుగు పడుతుంది, పురుగు చెక్కలోకి పోతుంది. వెంటనే రాశాడు. 'అన్నా, తప్పయింది. మా అమ్మ తెల్వక ఒడిబియ్యం పోసింది. బోర్లించి ఊపు, పడిపోతయి. ఒక్క గింజ గూడ ఉంచకు.'

జవాబు లేదు. పొద్దు నెత్తి మీదికొచ్చింది, లేదు. మా ఆయన అన్నం ముట్టలేదు. కోపమొచ్చి ఉంటుందని అతను, నవ్వుకుంటున్నాడేమో అని నేను. మా అత్త వెల్లుల్లి ఒలవడం ముగించి పచ్చడి కూడా నూరింది.

ఎండ దిగుతుండగా వచ్చింది.

'తియ్య. ఒక్క గింజ గూడ తియ్య. తమ్మీ, నువ్వు రా. చెల్లెను, అవ్వను తోలుకొని రా. నీ కాల్మొక్త, రా.'

ఎవరినీ గడప తొక్కనివ్వని మనిషి రాసిన మాటలవి. రెండు రోజులకు ముగ్గురం బయల్దేరాం. నర్సంపేట మీదుగా ములుగు, అక్కడి నుంచి ఘనపూర్ మీదుగా భూపాలపల్లి. మా అత్త అద్దాల రవికె తొడిగి, చేతుల నిండా గాజులేసుకుని, చుట్టాలింటికి పోతున్నట్టు ఒడిలో ఎండుమిరపకాయల మూట పెట్టుకుని కూర్చుంది. ములుగులో ఎక్కిన ఒకామె కాళేశ్వరం పోతున్నారా అని అడిగింది. "కాదు, మా బిడ్డను చూసొచ్చెటందుకు పోతున్నం," అంది మా అత్త. మా ఆయన కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు.

కాలనీలో ఇరుకు వీధి చివర ఇల్లు. తలుపు తీసింది పరశురాములన్న భార్య కొమురమ్మక్క. చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పెద్దాయన గోడ వైపు తిరిగి మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె పిలవలేదు. గోడకున్న స్విచ్చి రెండుసార్లు నొక్కింది. లైటు ఆరి వెలిగింది, ఆయన ఇటు తిరిగాడు. ఆ ఇంట్లో పిలుపంటే అదే. మా ఆయనను చూడగానే లేచి గట్టిగా వాటేసుకున్నాడు.  ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని, తీగలు ఒరుసుకుని గట్టిపడిన చోట తడిమి చూసుకున్నారు.

నేను, మా అత్త కొమురమ్మక్కతో వంటింట్లోకి పోయాం. ఆమె మెల్లగా మాట్లాడుతుంది. ఎప్పుడూ అంతేనా అని అడిగితే నవ్వింది.

"నేనా? నాట్లప్పుడు నేను పాట ఎత్తుకుంటే మూడు మళ్ల అవతల ఆడోళ్లు అందుకుంటుండె చెల్లె. బతుకమ్మకైతే కాలనీకి నేనే. ఇంటికొచ్చి పాడితే ఆయన గిటారు కొడుతుండె. చెవులు పోయినంక బంద్ జేసిన. నా నోరు మెదులుతుంటే చూసి, ఏమంటున్నదో అని పరేషానైతుండె. ఇగ ఎవల కోసం పాడాలె?" చాయ గిన్నె దింపుతూ అంది.  గ్లాసులు అందించాను.

ముందు గదిలోకి వచ్చేసరికి పరశురాములన్న చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాళి ఆయన రొమ్ము మీద వాలి ఉంది. అంచు మీద గడ్డం పెట్టి కళ్లు మూసుకున్నాడు. లావు తీగ ఒకటి మీటాడు. నాదంతో పాటు లోపల బియ్యం చిటపటలాడాయి. మా ఆయన ముఖం చేదు తిన్నట్టయింది. చెవులున్న వాడికి అది గిటారు పాడైన చప్పుడే మరి.

పరశురాములన్న కళ్లు తెరిచాడు. ఆయన గొంతు ఎత్తుపల్లాలు లేకుండా పెద్దగా వచ్చింది. "ఇంటున్నవా తమ్మీ? లావు తీగ కొడితే ఇగో, గింజలు ఈడ ఎగురుతయి." కడుపు మీద చేయి పెట్టి చూపించాడు. "సన్నపు తీగ కొడితే ఈడ." రొమ్ము మీద చూపించాడు. "నడిమిది కొడితే గటూ గిటూ. ఇన్ని దినాలు ఒకటే అదురు. ఏ తీగది ఏదో తెల్వకపోయేది. గిప్పుడు గింజ గింజ చెప్తున్నది. గిది గీ తీగ, గిది గా తీగ అని పేరు పెట్టి చెప్తున్నది."

మళ్లీ కళ్లు మూసుకుని వాయించాడు. ఒక్కో తీగ కాదు, పాట. మొదట తడబడ్డాడు, ఆగాడు, తప్పు పడిన చోట తనే తల ఊపి మళ్లీ కొట్టాడు. తప్పు పడిందని ఆయనకు తెలిసింది! మా ఆయన నోరు తెరుచుకుని నా చేయి పట్టుకున్నాడు.  గిటారు అన్నది కలలోనైనా ఎరగని మా అత్త గుప్పెట్లోంచి పడిన గింజలు, చెవులు లేని మనిషికి పాట మోసుకుపోతున్నాయి. నేను దేవుడికి దండం పెట్టినప్పుడు కూడా అంత నిండుగా ఏదీ అనిపించలేదు.

మా ఆయన తల్లి వైపు చూశాడు.  కాళిని తీసుకుపోదాం అన్న మాట ఇక అతని నోట రాదని నాకు అర్థమైంది. అందులో బాధ ఉందో లేదో అతని ముఖం చూసి చెప్పలేకపోయాను. సంతోషం మాత్రం దాచుకోలేకపోయాడు.

పాట అయ్యింది. పరశురాములన్న అట్లాగే గడ్డం ఆనించి, కళ్లు మూసుకుని, చేతులు కాళి చుట్టూ వేసుకుని ఊరుకున్నాడు. కొమురమ్మక్క చాయ పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. మా అత్త లేచి పళ్లెం అందుకుని నాకిచ్చి, ఆమె భుజం పట్టుకుని ముందుకు తోసింది.

"నువ్వు పాడు బిడ్డా. గా బొక్కల నోరు పెట్టి పాడు."

"నేనా? వద్దవ్వా. మరిచిపోయిన. నవ్వుతరు."

"ఎవరు నవ్వేది? నేనున్న గదా. కూసో."

మా అత్త అంటే ఆగేదుండదు. కొమురమ్మక్క మెల్లగా చాప మీద కూర్చుంది. ఆయన చేతులకు తగలకుండా వంగి, తీగల వెనకున్న ఆ గుండ్రటి రంధ్రం దగ్గర నోరు పెట్టింది. మొదటి మాట బయటికే రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ ఎత్తుకుంది. నాట్లేసేటప్పుడు పాడేది. మొదట సన్నగా, తర్వాత కొంచెం కొంచెంగా ఆ గొంతు లేచింది. మూడు మళ్ల అవతలికి వినిపించేదంటే ఎందుకు వినిపించదు! ఎవరూ ముట్టుకోకుండానే తీగలు సన్నగా అదిరాయి. గింజలు లోపల సర్రుసర్రుమన్నాయి.

పరశురాములన్న కదల్లేదు. కళ్లు తెరవలేదు. గడ్డాన్ని మాత్రం చెక్కకు ఇంకా గట్టిగా అదిమాడు. ఒక అరచేయి జరిపి కాళి వీపుకు ఆనించాడు. పాడుతున్నదెవరో ఆయనకు ఎవరూ చెప్పలేదు. తెలుస్తోందా, లేక ఉత్త గాలి అనుకుంటున్నాడా అని నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అప్పుడు ఆయన కాలి బొటనవేలు కదిలింది. చాప మీద మెల్లగా తాళం వేయడం మొదలుపెట్టింది. ఆమె పాటకు సరిగ్గా కలిసింది.

కొమురమ్మక్క ఆ వేలును చూసింది.  పాట మధ్యలోనే తెగిపోయింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 

"ఎందుకాపినవే?" అన్నాడు పరశురాములన్న, కళ్లు తెరవకుండానే. "నారు కట్ట అందించే చరణం ఇంకా రాలే గదా."

కొమురమ్మక్క ముఖం తుడుచుకుని, మళ్లీ వంగి, ఆపిన చోటి నుంచే ఎత్తుకుంది.